డ్రాబీ: కంచరగాడిదల్ని తోలేవాళ్లకు ఈ పేరు ఎలా వచ్చింది?

కలంకారి | శనివారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. మొదటి ప్రపంచ యుద్ధంలో తుర్కీలోని గల్లిపొలి దగ్గర జరిగిన పోరాటం (1915) మీద ఒక పెద్ద వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అక్కడ ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ సైనికుల పక్కనే మన దేశం నుంచి వెళ్లిన మ్యూల్ కార్ట్ దళం, అంటే కంచరగాడిదల బండ్ల దళం కూడా ఉంది. రేవులో దింపిన నీళ్లు, తిండి, మందుగుండు కొండల మీది కందకాల దాకా మోయించింది ఆ దళమే. ఇంగ్లిష్ మూలంలో ఆ మనుషుల్ని ప్రతిచోటా "డ్రాబీ" అన్నారు. కంచరగాడిదల్ని తోలే మనిషి అని సందర్భాన్ని బట్టి అర్థమవుతోంది. అంతకుమించి ఏమీ తెలియలేదు.

ఇది ఏ భాష మాట? ఎలా పుట్టింది? ద్రాబీ అని రాయాలా, డ్రాబీ అని రాయాలా? తెలుగులో ఇంకో మాట ఏదైనా ఉందా? "కంచరగాడిదలు తోలేవాడు" అని ప్రతిసారీ రాస్తే వాక్యం ఈడ్చుకుపోతోంది. "డ్రైవర్" అంటే చదివేవాళ్లకు లారీ గుర్తొస్తుంది. వారం లోపల ఇచ్చేయాలి, కొంచెం టెన్షన్‌గానే ఉంది.

గోదారిగట్టు | శనివారం, ఉదయం 10:05

ఇంగ్లిష్‌లో డ్రాబ్ అంటే మట్టిరంగు ముతక బట్ట. సైన్యంలో సామాన్లు మోసేవాళ్లకు అలాంటి బట్టలే ఇచ్చేవాళ్లు కదా. బట్టను బట్టి మనిషికి పేరు వచ్చిందేమో. కశ్మీర్‌లో ద్రాబు అనే ఇంటిపేరు కూడా ఉంది. ఆ వైపు కూడా ఒకసారి చూడండి.

నిఘంటు_ప్రియ | శనివారం, ఉదయం 11:30

బట్టా కాదు, ఇంటిపేరూ కాదండి. డ్రాబీ అంటే డ్రైవరే. మన సిపాయిల నోట్లో, వాళ్ల వెంట ఉండే పనివాళ్ల నోట్లో పడి ఇంగ్లిష్ మాట అలా మారింది. ఆ మారిన మాటను ఇంగ్లిష్ అధికారులు మళ్లీ తమ రాతల్లోకి తీసుకున్నారు. అంటే ఇంగ్లిష్ నుంచి హిందుస్తానీకి వెళ్లి, వేషం మార్చుకుని తిరిగి ఇంగ్లిష్‌లోకి వచ్చిన మాట ఇది.

మన దేశంలోని ఇంగ్లిష్ వాళ్ల వాడుక మాటల్ని పోగుచేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో దీనికి విడిగా పద్దు ఉంది. దాన్ని మొదట 1886లో యూల్, బర్నెల్ తెచ్చారు. తర్వాత 1903లో క్రూక్ పెంచి వేశాడు. అన్నట్టు ఆ బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన మనిషి, దక్షిణాది లిపుల మీద గట్టి కృషి చేసినవాడు. ఆ నిఘంటువు కూడా ఇది "డ్రైవర్"కి దండు మనుషుల ఉచ్చారణే అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

హన్మకొండ_నుంచి | శనివారం, మధ్యాహ్నం 12:15

నిఘంటుప్రియ గారూ, అడగక తప్పడం లేదు. డ్రైవర్‌లో చివర "ర్" ఉంది, నడుమ "వ" ఉంది. ర ఎక్కడికి పోయింది? వ బ ఎట్లయింది? మా ఊర్లె ముసలోళ్లు "డ్రేవర్" అంటరు గని ర మాత్రం పోలేదు.

నిఘంటు_ప్రియ | శనివారం, మధ్యాహ్నం 1:20

మంచి ప్రశ్న. మీ ఊళ్లో ఆ మాట అక్షరాల ద్వారా, మోటారు బండ్ల కాలంలో వచ్చింది. దండులోకి వచ్చింది చెవి ద్వారా. ఇంగ్లండ్ దక్షిణ ప్రాంతపు అధికారి డ్రైవర్ అన్నప్పుడు చివరి ర వినపడదు, "డ్రైవ" అన్నట్టే ఉంటుంది. రాసిన మాట ఎన్నడూ చూడని మనిషికి అక్కడ ర ఉందని తెలిసే దారే లేదు. ఇక ఉత్తరాదిలో వ, బ ఒకదాని చోట ఒకటి రావడం మామూలే. వనం వాళ్లకు బన్, వర్షం బరస్. చివరి ఈకారం చేరడంలో వింత లేదు. సిపాహీ, ధోబీ, మాలీ అని పని చేసేవాళ్ల పేర్లన్నీ అలాగే ముగుస్తాయి కాబట్టి కొత్త మాట కూడా ఆ వరసలో కూర్చుంది.

దండు భాషలో ఇలాంటివి కోకొల్లలు. కొత్తగా చేరిన రిక్రూట్ "రంగ్‌రూట్" అయ్యాడు. జనరల్ "జర్నైల్", కర్నల్ "కర్నైల్". రాత్రి కాపలావాడు ఇంగ్లిష్‌లో "ఎవరక్కడ" అని అరిచే కేక "హుకుమ్‌దార్" అయింది. ఆ ఇంగ్లిష్ కేకకు అర్థం తెలియకపోయినా "హుకుం" అనే తెలిసిన మాట దానిలో వినపడింది కదా, అలా స్థిరపడింది. మనమూ కంపెనీని కుంపిణీ చేసుకున్నాం.

కలంకారి | శనివారం, మధ్యాహ్నం 2:00

చాలా సాయం చేశారు. అయితే ఇంగ్లిష్ డ నుంచి వచ్చింది కనుక "డ్రాబీ" అనే రాయాలి కదా? డాక్టర్, డిపో లాగా.

గోదారిగట్టు | శనివారం, మధ్యాహ్నం 2:25

అలా గీత గీయలేమేమో. ఆర్డర్లీ అనే ఇంగ్లిష్ మాట హిందుస్తానీలో "అర్దలీ" అయింది, అక్కడ ద ఉంది. డిసెంబర్ హిందీలో "దిసంబర్".

నిఘంటు_ప్రియ | శనివారం, మధ్యాహ్నం 3:10

నిజమే, రెండు దారులూ ఉన్నాయి. కానీ చదివేవాళ్లకు మాట పుట్టుక కనపడాలంటే "డ్రాబీ"యే మేలు. డ చూడగానే ఇంగ్లిష్ వాసన తగులుతుంది. "ద్రాబీ" అంటే ద్రావిడం, ద్రవ్యం లాంటివి మనసులోకి వచ్చి సంస్కృతం వైపు పోతారు.

మాజీ_సప్లై | శనివారం, సాయంత్రం 6:45

నేను ఆర్మీ సర్వీస్ కోర్‌లో చేసి రిటైర్ అయ్యాను. మాది కడప జిల్లా. మా రోజుల్లో డ్రాబీ అనే మాట పాత పుస్తకాల్లో తప్ప ఎవరి నోటా వినలేదు. మేం "ఏటీ" అనేవాళ్లం, యానిమల్ ట్రాన్స్‌పోర్ట్ అన్నమాట. జంతువును ఖచ్చర్ అనే అంటారు, తెలుగువాళ్లం కూడా.

పని మాత్రం ఆనాటిదే. రోడ్డు ఆగిపోయిన చోట ఖచ్చర్ మొదలవుతుంది. ఒక్కోటి 70 కిలోల పైచిలుకు మోస్తుంది. గిట్ట మీద నంబరు ఉంటుంది, రిజిస్టరులో దాని చరిత్రంతా ఉంటుంది. పెంచే స్టడ్ ఫారాలు హర్యానాలోని హిసార్‌లో, యూపీలోని బాబూగఢ్‌లో ఉన్నాయి. మజిలీ చేరగానే ముందు దానికి నీళ్లు, దాణా, వీపు మీద పుండు పడిందేమో చూడటం. తర్వాతే మనిషి టీ. ఇది రూల్ బుక్కులో ఉందనే కాదు, వీపు పుండు పడితే రేపు ఆ బరువు మోసేది నువ్వే.

పెదోంగీ పేరు విన్నారా? 1962లో చేరిన ఖచ్చర్. 1971 యుద్ధంలో పాకిస్తాన్ వాళ్లకు చిక్కింది. అక్కడి నుంచి వాళ్ల మెషిన్ గన్, మందుగుండు వీపున ఉండగానే మన వైపు నడిచి వచ్చేసింది. 1998లో చనిపోయింది. దాని పేరు గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. దాన్ని నడిపిన మనుషుల పేర్లు అడిగితే మాలో చాలామందికి తెలియవు. ఈ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

కలంకారి | శనివారం, రాత్రి 8:10

సార్, మీ చివరి మాట దగ్గరే నేనూ ఆగిపోయాను. గల్లిపొలిలో ఏప్రిల్ 25న దిగింది మొదలు డిసెంబరులో అన్జాక్ తీరం (ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ సైనికులు దిగిన చోటు) ఖాళీ చేసేదాకా ఆ దళం అక్కడే ఉంది. పగలు తుర్కుల తూటాలకు ఎదురుగా కదలడం కష్టం కాబట్టి చాలావరకు రాత్రిళ్లే సామాను మోశారు. వాళ్లు మకాం చేసిన లోయకు మ్యూల్ గల్లీ అని పేరు నిలిచిపోయింది. జంతువు పేరు లోయకు వచ్చింది, మనిషికి మాత్రం అరిగిపోయిన "డ్రైవర్" మిగిలింది. కామన్వెల్త్ సమాధుల సంస్థ రికార్డుల్లో వాళ్ల హోదా డ్రైవర్ అనే ఉంది. కాగితం మీద అది, నోట్లో ఇది.

మాజీ_సప్లై | శనివారం, రాత్రి 9:00

రెండో ప్రపంచ యుద్ధంలోనూ ఇదే కథ. బ్రిటిష్ సైన్యం అప్పటికి దాదాపు అంతా లారీల మీదికి మారింది. ఫ్రాన్స్‌లో చలికాలం వచ్చేసరికి బురదలో లారీలు కూరుకుపోతాయని జంతువులు కావలసి వచ్చి, మన రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ నుంచి నాలుగు కంపెనీలను పంపారు. కె6 దళం అంటారు. 1939 డిసెంబరులో మార్సెయ్‌లో దిగారు. 1940లో ఫ్రాన్స్ నుంచి సైన్యం తప్పించుకున్నప్పుడు మూడు కంపెనీల మనుషులు బయటపడ్డారు, 22వ కంపెనీ జర్మన్లకు చిక్కింది. ఖచ్చర్లను మాత్రం అక్కడే వదిలి రావలసి వచ్చింది. నెలల తరబడి రాత్రీ పగలూ కూడా ఉన్న జంతువును వదిలి పడవ ఎక్కడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్లకు తెలుసు.

శాన్‌హోసే_శ్రీ | ఆదివారం, తెల్లవారుజామున 4:30

కాలిఫోర్నియా నుంచి. ఇక్కడ ఇలాంటివాళ్లకు "మ్యూల్ స్కిన్నర్" అని పేరు. స్కిన్నర్ అంటే అక్షరాలా తోలు ఒలిచేవాడు. కానీ ఎవరూ ఏమీ ఒలవరు. కొరడా దెబ్బకు జంతువు తోలు లేచిపోయేదని, అందుకే ఆ పేరని చెబుతారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా పశ్చిమాన బాగా వాడుకలో ఉన్న మాట.

డెత్ వ్యాలీ వెళితే ఆ బండ్లు ఇప్పటికీ చూడవచ్చు. 1883 నుంచి 1889 దాకా అక్కడి బోరాక్స్ అనే ఖనిజాన్ని మొహావీ రైల్వే స్టేషన్‌కు చేర్చేవాళ్లు. దూరం 165 మైళ్లు, ఒకవైపుకే పది రోజులు. ఇరవై జంతువుల బండి అని పేరు కానీ, పద్దెనిమిది కంచరగాడిదలు, బండికి దగ్గరగా రెండు గుర్రాలు. ఎడారిలో నీళ్లు దొరకవు కాబట్టి వెనక ఒక నీళ్ల ట్యాంకు బండి కూడా. ఇంత పొడుగు బారును స్కిన్నర్ ఒకే ఒక్క పొడవాటి తాడుతో నడిపేవాడు. తాడును నిదానంగా లాగితే ఎడమకు, గుంజి గుంజి వదిలితే కుడికి. మలుపులో మొత్తం బారు లోయలోకి పోకుండా నడుమ ఉన్న జతలు ఇరుసు గొలుసును దాటి అవతలి పక్కకు దూకి లాగాలి. ఆ జంతువులకు అది నేర్పినవాణ్ణి తోలు ఒలిచేవాడని పిలవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

అనంత_సీమ | ఆదివారం, ఉదయం 7:50

శ్రీ గారు చెప్పింది చదవగానే ఒకటి తట్టింది. మనకు చర్మమూ తోలే, బండి నడపడమూ తోలడమే. "తోలు తీస్తా" అంటాం, "బండి తోలు" అంటాం. ఇంగ్లిష్ వాళ్ల స్కిన్నర్ లాగే మనకూ తోలుకూ తోలడానికీ నడుమ కొరడా ఉందా?

నిఘంటు_ప్రియ | ఆదివారం, ఉదయం 9:15

చూడటానికి ముచ్చటగా ఉంది కానీ ఆ రెండూ వేరు వేరు మాటలు. చర్మం అనే అర్థంలో తోలు తమిళంలో, కన్నడంలో కూడా ఉంది, అది నామవాచకం. తోలడం క్రియ. తరమడం, ముందుకు నడపడం అని దాని అర్థం. ఉచ్చారణ ఒకటి కావడం యాదృచ్ఛికం, కొరడాను తీసుకురానక్కర్లేదు.

అయితే తోలడం అనే క్రియను వదలకండి. మన దగ్గర అది ఎంత దూరం పోయిందో చూడండి. ఎద్దుల్ని తోలాం, బండిని తోలాం, తర్వాత బండిలో ఉన్న సరుకునే తోలడం మొదలుపెట్టాం. "ఇసుక తోలుతున్నారు", "మట్టి తోలించాం", "ఎరువు తోలకం". ట్రాక్టరు వచ్చి ఎద్దులు పోయినా క్రియ నిలబడింది.

లిస్బన్_తెలుగు | ఆదివారం, మధ్యాహ్నం 2:40

ఇక్కడ పోర్చుగీసులో ఈ వృత్తికి పాత మాట "అల్మోక్రేవ్". మొదట్లో "అల్" చూడగానే అరబ్బీ అని తెలిసిపోతుంది. అది అరబ్బీ "అల్ ముకారీ". అర్థం, జంతువుల్ని కిరాయికి ఇచ్చేవాడు. అక్కడ ధాతువు "కిరా", అంటే అద్దె. అదే కిరా ఫార్సీలో "కిరాయా" అయి, ఉర్దూ దారిన మన "కిరాయి" అయింది. అట్లాంటిక్ ఒడ్డున ఉన్న అల్మోక్రేవ్‌కూ మన హైదరాబాద్ "టు లెట్" బోర్డు మీది కిరాయికీ ఒకే తల్లి.

తుర్కులు ఈ మాటను బాల్కన్ దేశాలకు మోసుకెళ్లారు. బోస్నియాలో, సెర్బియాలో బిడారు నడిపేవాడు "కిరిజియా". ఇప్పటికీ ఇంటి అద్దె అక్కడ "కిరియా".

ఇరాన్‌లో మాత్రం వేరే దారి. అక్కడ "చార్వాదార్". చార్వా అంటే నాలుగు కాళ్లది, దార్ అంటే కలిగినవాడు. మన తహసీల్దారు, జమీందారులో ఉన్న దార్.

హన్మకొండ_నుంచి | ఆదివారం, సాయంత్రం 4:05

మనసు నిండింది లిస్బన్ అన్నా. మా తెలంగాణల ఇల్లు, బండి, సైకిల్ అన్నీ కిరాయే. కోస్తా వాళ్లు అద్దె అంటరు.

అనంత_సీమ | ఆదివారం, సాయంత్రం 4:20

మాకు బాడుగ. బాడుగ ఇల్లు, బాడుగ బండి. "బాడుగకు తోలుతున్నాడు" అంటే సొంత బండితో ఇతరుల సరుకు మోస్తున్నాడని. కలంకారి గారూ, అల్మోక్రేవ్‌కు అచ్చంగా సరిపోయేది ఇదే.

మాజీ_సప్లై | ఆదివారం, సాయంత్రం 5:30

కిరాయి మాట వచ్చింది కాబట్టి లద్దాఖ్ సంగతి చెప్పాలి. లే నుంచి కారకోరం కనుమ మీదుగా ఇప్పటి చైనాలోని యార్కండ్ వెళ్లే పాత వర్తక దారిలో జంతువుల్ని బాడుగకు నడిపేవాళ్లను "కిరాయ్‌కష్" అనేవాళ్లు. కష్ అంటే లాగేవాడు. ఆ కనుమ ఎత్తు 5,500 మీటర్ల పైమాటే. గాలి పలచబడి జంతువు నోటి నుంచి నురగ వచ్చే చోటు అది. కార్గిల్‌లో ఆ కాలపు సరుకులు, చిట్టాలు పెట్టిన ఒక చిన్న మ్యూజియం ఉంది. అటు వెళ్లినవాళ్లు తప్పక చూడాలి. పటాలు, బుఖారీ పొయ్యిలు చూసి వచ్చేయకండి, ఆ లెక్కల పుస్తకాల దగ్గర ఆగండి.

శాన్‌హోసే_శ్రీ | ఆదివారం, రాత్రి 11:50

ఇక్కడ మెక్సికో స్నేహితుడొకడు ఉన్నాడు, వాళ్ల తాతలది ఇదే పని. స్పానిష్‌లో "అర్రియేరో". జంతువును కదిలించేటప్పుడు "అర్రే!" అని అరుస్తారు, ఆ అరుపే వృత్తి పేరు అయింది. అల్మోక్రేవ్ పేరు డబ్బు నుంచి వస్తే ఇతని పేరు గొంతులోంచి వచ్చింది.

వాళ్లకో సామెత ఉంది. "మనం అర్రియేరోలం, దారిలోనే ఎదురుపడతాం." ఇవాళ నాకు సాయం చేయనన్నావు, రేపు నీ బరువు జారినప్పుడు ఆ దారిన వచ్చేది నేనే అని చెప్పడానికి వాడతారు. కొలంబియా కాఫీ ప్రకటనల్లో టోపీ పెట్టుకుని కంచరగాడిద పక్కన నిలబడే హువాన్ వాల్డెస్ కూడా ఆ వేషమే. 1959లో అక్కడి కాఫీ రైతుల సమాఖ్య ప్రకటనల కోసం పుట్టిన పాత్ర అది.

ఇంకో సంగతి. కంచరగాడిదలు ఆడ గుర్రం వెంట బాగా పోతాయి, వాటి తల్లి గుర్రమే కదా. అందుకని బారు ముందు మెడలో గంట కట్టిన ఒక ఆడ గుర్రాన్ని నడిపిస్తారు. దాన్ని "మద్రీనా" అంటారు, పెంపుడు తల్లి లాంటి అర్థం. రాత్రి దాన్ని ఒక్కదాన్ని కట్టేస్తే చాలు, మిగతావి ఎక్కడికీ పోవు.

గోదారిగట్టు | సోమవారం, ఉదయం 8:30

ఈ అర్రేకూ మన "అరే"కూ చుట్టరికం ఉందా?

నిఘంటు_ప్రియ | సోమవారం, ఉదయం 9:00

లేదండి. మన అరే సంస్కృతంలో నుంచీ ఉన్న పిలుపు, మనిషిని పిలిచేది. అది జంతువును అదిలించేది.

అనంత_సీమ | సోమవారం, ఉదయం 9:45

మా నాయన గొర్రుకు కట్టినప్పుడు దాపటెద్దుకు ఒక అదిలింపు, వెలపటెద్దుకు ఇంకోటి. పేరు పెట్టి పిలవకుండానే ఏది తనదో వాటికి తెలిసేది. అమెరికాలో కుడికి "జీ", ఎడమకు "హా" అని అరుస్తారని చదివాను. ఎద్దులకైనా ఖచ్చర్లకైనా సేద్యగాడి భాషలో మొదటి పాఠం ఎడమ, కుడులే.

గోదారిగట్టు | సోమవారం, ఉదయం 11:10

తెలుగులో సొంత మాట ఎందుకు లేదో ఆలోచించాను. ఏనుగుకు మావటి ఉన్నాడు. గుర్రానికి రౌతు, సైసు ఉన్నారు. రథానికి సారథి. కంచరగాడిదకు మాత్రం ఎవరూ లేరు. మన నేల మీద ఆ జంతువుకు పని పడలేదు, అదీ కారణం. కొండ కనుమల్లో, ఇరుకు బాటల్లో దానికి తిరుగులేదు. మనవి మైదానాలు. ఇక్కడ బరువు ఎద్దు మీద నడిచింది. దారి పొడుగునా మేసుకుంటూ పోతుంది, పెద్దగా దాణా ఖర్చు లేదు. పైగా కంచరగాడిదకు పిల్లలు పుట్టవు. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, దీనికి 63. ప్రతి తరానికీ మళ్లీ ఆడ గుర్రాన్నీ మగ గాడిదనూ తెచ్చి జత కట్టాలి. గుర్రాలే అరుదైన చోట అది ఎవరికి గిడుతుంది?

అందుకే మన మాటలన్నీ ఎద్దు చుట్టూ ఉన్నాయి. ఎద్దు వీపున రెండు పక్కలా వేలాడే సరుకు గోనె "పెరిక". దాన్ని మోసేది పెరికెద్దు. ఆ వృత్తి చేసినవాళ్లకు కూడా పెరికవారనే పేరు వచ్చింది. బంజారాలు దక్కన్ అంతటా ఉప్పు, ధాన్యం వేల ఎద్దుల మీద నడిపారు. వాళ్ల పేరు వాణిజ్యం అనే మాటకు చుట్టం. అర్రియేరో పేరు అరుపు నుంచి, అల్మోక్రేవ్ పేరు కిరాయి నుంచి వస్తే, పెరికవారి పేరు మూట నుంచి వచ్చింది.

సంస్కృతంలో మాత్రం ఈ జంతువుకు మంచి గౌరవం ఉంది. అశ్వతరం అన్నారు, వేసరం అన్నారు. ఛాందోగ్య ఉపనిషత్తులో జానశ్రుతి అనే రాజు రైక్వుడనే జ్ఞానికి ఇవ్వజూపిన కానుకల్లో ఆవులు, హారంతో పాటు ఆడ కంచరగాడిదలు కట్టిన రథం ఉంది. శ్వేతాశ్వతర ఉపనిషత్తు చెప్పిన ఋషి శ్వేతాశ్వతరుడి పేరులోనూ ఈ జంతువే. నాగర, ద్రావిడ పద్ధతులు కలిసిన గుడి కట్టడాన్ని వేసరం అనడానికీ ఈ సంకరమే కారణమని ఒక వివరణ.

హన్మకొండ_నుంచి | సోమవారం, మధ్యాహ్నం 12:30

కలంకారి గారు, నా మాట ఒకటి. "గాడిద" అనే మాట తెలుగులో పెట్టకుండి. పని లేకుండ తిరిగేటోన్ని "గాడిదలు కాస్తున్నవా" అని తిడతం. గల్లిపొలిల గుండ్ల నడుమ నీళ్లు మోసిన మనిషిని పేజీ పేజీకి గాడిదలోడు అని రాస్తే చదివేటోని మనసుల ఆ తిట్టే మెదులుతది. అది ఆ మనుషులకు చిన్నతనం.

చరిత్ర_మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 1:45

ఈ చిన్నచూపు కొత్తది కాదు. రోములో వెంటిడియస్ అనే అతను కంచరగాడిదలు, బండ్లు సర్కారు అధికారులకు సమకూర్చి బతికినవాడు. క్రీ.పూ. 43లో కాన్సల్, అంటే రోములో అన్నిటికన్నా పెద్ద అధికారి అయ్యాడు. కంచరగాడిదల ఒళ్లు రుద్దినవాడు కాన్సల్ అయ్యాడని వీధుల్లో పద్యాలు రాసి ఎగతాళి చేశారు. అయిదేళ్లకు అదే మనిషి పార్థియన్లను ఓడించి రోములో విజయోత్సవం జరుపుకున్నాడు. వెస్పేసియన్ చక్రవర్తి కూడా ఒక దశలో ఈ వ్యాపారం చేసి "ములియో" (కంచరగాడిదలవాడు) అనే ఎగతాళి పేరు తెచ్చుకున్నాడు.

వృత్తివాళ్లు మాత్రం ఆ పేరుకు సిగ్గుపడలేదు. పాంపేయి అనే పాత రోమన్ ఊరి గోడల మీద ఎన్నికల రాతల్లో "ములియోనెస్" తమ సంఘం పేరు పెట్టుకుని పోలిబియస్ అనే అభ్యర్థికి ఓటు వేయమని అడిగారు. అదే పేరును ఒకరు తిట్టుగా వాడితే, ఆ పని చేసేవాళ్లు ఊరి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించుకున్నారు.

కలంకారి | సోమవారం, సాయంత్రం 7:20

అందరివీ చదివి ఇలా అనుకుంటున్నాను. మొదటిసారి వచ్చిన చోట "డ్రాబీలు, అంటే సైన్యంలో ఖచ్చర్ బండ్లు తోలేవాళ్లు" అని రాసి, డ్రైవర్ అనే మాట దండు నోట్లో అలా మారిందని ఒక్క వాక్యం చెబుతాను. ఆ తర్వాత అంతటా డ్రాబీ. జంతువును ఖచ్చర్ అంటాను. హన్మకొండ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. "బాడుగ" మాట మీద ఆశ పుట్టింది కానీ వీళ్లు జీతం మీద ఉన్న సైన్యం మనుషులు, బాడుగవాళ్లు కారు. "సహాయకులు" అని మా ఎడిటర్ సూచించారు. దానికి నేను ఒప్పుకోలేను. ఎవరికి సహాయం, ఏం సహాయం అనేది ఆ మాటలో లేదు. ఆ మాట పెడితే వాళ్లు మళ్లీ కనపడకుండా పోతారు.

పాడేరు_టీచర్ | సోమవారం, రాత్రి 8:55

ఆలస్యంగా చూశాను. మన రాష్ట్రంలో ఈ పని పాత చరిత్ర అనుకోకండి. మా మన్యంలో రోడ్డు లేని కొండ ఊళ్ల నుంచి కాఫీ, మిరియాలు, పసుపు గుర్రాల మీదే సంతకు వస్తాయి. తిరిగి వెళ్లేటప్పుడు బియ్యం, ఉప్పు, నూనె. ఖచ్చర్లు కావు, పొట్టి గుర్రాలు. సంత రోజు పొద్దున్నే చెట్ల కింద కట్టేసి ఉంటాయి. నా బడి పిల్లల్లో కొందరి ఇళ్లలో గుర్రం ఉంది. దాని వీపున బస్తా ఎలా కడితే జారదో ఏడో తరగతి పిల్లవాడు నాకు చూపించాడు. రెండు పక్కలా బరువు సమంగా ఉందో లేదో చేత్తో ఎత్తి చూసి చెప్పేస్తాడు. కేదార్‌నాథ్ వెళ్లే మన తెలుగువాళ్లు గౌరీకుండ్ దగ్గర ఖచ్చర్ ఎక్కి పదహారు కిలోమీటర్లు పోతారు కదా, పక్కన నడిచే కుర్రాణ్ణి ఒకసారి పేరు అడగండి.

కలంకారి | మంగళవారం, ఉదయం 6:30

టీచర్ గారూ, మీరు రాసింది వీలైతే విడిగా ఒక వ్యాసంగా రాయండి. సప్లై సార్, ఒక చిన్న సందేహం. మూలంలో "ఏటీ కార్ట్" అని వస్తోంది. ఎంత బండి అది? లెక్కలన్నీ బండ్లలోనే ఇచ్చారు, మనుషుల సంఖ్య ఎక్కడా లేదు.

మాజీ_సప్లై | మంగళవారం, ఉదయం 7:15

ఇక్కడ ఏటీ అంటే ఆర్మీ ట్రాన్స్‌పోర్ట్, నేను ముందు చెప్పిన యానిమల్ ట్రాన్స్‌పోర్ట్ కాదు. రెండు చక్రాలు, లోహపు చట్రం, చిన్నది, తేలిక. ఇరుకు దారిలో తిప్పడానికి వీలుగా చేసింది. చెడిపోతే విడదీసి మళ్లీ బిగించవచ్చు. పక్కపక్కన రెండు ఖచ్చర్లను కడతారు, బండికి ఒక డ్రాబీ. కాబట్టి మీ వ్యాసంలో ఎన్ని బండ్లు నడిచాయని ఉంటే, తోలినవాళ్లు కనీసం అంతమంది, జంతువులు దానికి రెట్టింపు. నాయక్‌లు, జమేదార్లు, లాడం కొట్టేవాళ్లు, జీను కుట్టేవాళ్లు దీనికి అదనం. అనువాదంలో బండ్ల సంఖ్య పక్కనే ఈ లెక్క కూడా ఇవ్వండి.